నాన్న కాళ్ళు ఎటున్నాయి

మా అమ్మ కొట్టిన దెబ్బలు నా పిక్కలు ఇంకా మరిచిపోలేదు. చిన్నప్పుడు ఏ అద్దె ఇంట్లోకి మారినా, బండిలోంచి సామాను దించకముందే ఆవిడ చేసే పని ఒకటే ఉండేది. ఖిబ్లా ఎటో తేల్చుకుని, అటు కాళ్ళు రాకుండా మంచాలు వేయించేది. నమాజులో ముఖం పెట్టే దిక్కుకి కాళ్ళు చాపి పడుకుంటే ఊరుకునేది కాదు. నిద్రలో దొర్లి కాళ్ళు అటు పోయినా పిక్క మీద ఒక్కటి పడేది. నిద్రలో నాకేం తెలుస్తుంది అని ఏడిస్తే, తెలిసేదాకా కొడతాను అనేది.

అలాంటి మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒక్క ప్రశ్న మోస్తోంది. మా నాన్న పడవల ఇంజన్లు బాగుచేసే మేస్త్రి. మూణ్ణెల్ల పనికని ఒక సముద్రపు ఊరికి వెళ్ళి, అక్కడే జ్వరంతో పోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. తుఫానుకి దారులు తెగిపోయి, కబురు మాకు చేరేసరికి పదకొండు రోజులైంది. మర్యాదగానే పూడ్చిపెట్టాం, దిగులు పడవద్దు అని పడవల యజమాని ఉత్తరం రాశాడు. ఆ ఊళ్ళో మావాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. మా పద్ధతిలో మనిషిని ఖిబ్లాకి అడ్డంగా, కుడి పక్కకి ఒత్తిగిలేలా, ముఖం అటు ఉండేలా పడుకోబెట్టాలి. ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్పి ఉంటారు? ఎలా పెట్టారో, ఎటు పెట్టారో అని అమ్మకి బెంగ. వెళ్ళి చూసి రమ్మని ఆవిడ అడుగుతూనే ఉంది, ఈ ఏడు కాదు వచ్చే ఏడు అని నేను దాటవేస్తూనే ఉన్నాను. ఈసారి ఆవిడ అడగలేదు. "ఎనభై ఒకటి నిండాయిరా. ఆయన దగ్గరికి పోయాక ఆయన్నే అడుగుతాలే," అంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

నేను సర్వేయర్ని. పొలాల హద్దులు కొలిచి రాళ్ళు పాతించడం నా ఉద్యోగం. దిక్కు తప్పితే నాకు తిక్క రేగుతుంది, ఆ ఊళ్ళో దిగిన పది నిమిషాలకే రేగింది. అక్కడివాళ్ళకి తెలిసిన దిక్కు ఒక్కటే. లాడ్జి ఎటు అంటే సముద్రం వైపు అంటారు. మున్సిపల్ ఆఫీసు ఎటు అంటే సముద్రం వైపు అంటారు. ఊరేమో వంపు తిరిగిన తీరం మీద ఉంది, మూడు పక్కలా సముద్రమే. పైనుంచి వాన, లోపలినుంచి చెమట, చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒకే వీధిని మూడుసార్లు తిరిగి, నేను మొదట దారి అడిగినవాణ్ణే మళ్ళీ అడిగితే, ఇందాకే చెప్పాను కదండీ అని విసుక్కున్నాడు.

లాడ్జి యజమాని పుస్తకంలో నా పేరు చూసి ముఖం వికసించి, "మీవాళ్ళ కోసం ప్రత్యేకంగా చేయించానండీ," అంటూ గదికి తీసుకెళ్ళాడు. పైకప్పు మీద ఆకుపచ్చ బాణం గుర్తు ఉంది. నాలుగేళ్ళ కిందట ఎవరో ముస్లిం వ్యాపారి దిగితే, ఆయన్ని దగ్గర నిలబెట్టుకుని దిక్కు అడిగి వేయించాడట. ఆకాశం నిండా మబ్బు. నా ఫోన్‌లో చార్జి లేదు, కంపాసు సంచి అడుగున ఎక్కడో ఉంది. పరాయి ఊళ్ళో ఒక మనిషి ఇంత శ్రద్ధ తీసుకున్నాడని మనసు కరిగి, బాణాన్ని నమ్మాను. అది చూపించిన వైపే నమాజు చేసుకున్నాను. దిండు కూడా అటే వేసుకుని, కాళ్ళు ఇటు చాపి నిద్రపోయాను.

తెల్లారాక సూర్యుడు రాకూడని కిటికీలోంచి వచ్చాడు. సంచి బోర్లించి కంపాసు తీసి చూశాను. బాణం పూర్తిగా తిరగబడి ఉంది. ముందటి సాయంత్రం నమాజంతా ఖిబ్లాకి వీపు పెట్టి చేశాను. అంతసేపూ కాళ్ళు ఖిబ్లాకి పెట్టి గురక తీశాను. తెలియక చేసిన నమాజు చెల్లుతుందని నాకూ తెలుసు. కానీ సర్వేయర్ని అయ్యుండి పైకప్పు మీది రంగుని నమ్మానే అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

కిందికి దిగి అడిగితే సంగతి తేలింది. వ్యాపారి చెప్పింది సరైన దిక్కే, మొదటి గదిలో గీసింది సరైన బాణమే. తర్వాత రంగులు వేసేవాడు మిగతా గదులన్నింటిలోనూ తలుపు తీయగానే కుడిచేతి వైపుకి గీసుకుంటూ పోయాడు. వరండాకి అటూ ఇటూ ఎదురెదురుగా గదులు. అంటే సగం గదుల్లో బాణం ఒకవైపు, సగం గదుల్లో దానికి ఎదురు. ఇదంతా నేను కాగితం మీద గీసి చూపిస్తే యజమాని చిన్నబుచ్చుకున్నాడు. నాలుగేళ్ళుగా ఎవరూ ఏమీ అనలేదని, పైగా రంగు మంచి కంపెనీదే వేయించానని చెప్పాడు.

టిఫినుకి వెళ్ళిన చోట ఇంకో గొడవ. మాంసం కూర తప్ప ఏమీ లేదన్నారు. కోసింది ఎవరు అని అడిగాను. వంటవాడు లోపలినుంచి వచ్చి, తానే కోశానని ఛాతీ విరిచి, కత్తి కూడా తెచ్చి చూపించాడు. నా ఉద్దేశం అది కాదని, హలాల్ సంగతి అని వివరించబోతే, కత్తి శుభ్రంగానే ఉందని మూడుసార్లు చెప్పాడు. చివరికి రెండు అరటిపళ్ళు తిని లేచాను. పాపం, పళ్ళు కూడా అదే కత్తితో కోసి పెట్టబోయాడు.

మున్సిపల్ ఆఫీసులో శ్మశానం పాత రికార్డుల అల్మరా తాళం ఒక గుమాస్తా దగ్గర ఉంది, ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పదింటికి వెళితే పదకొండుకి రమ్మన్నారు. పదకొండుకి వెళితే భోజనాలయ్యాక రమ్మన్నారు. ఇక కదిలేది లేదని బల్ల మీద కూర్చున్నాను. గవర్నమెంటు బల్ల మీద ఎంతసేపు కూర్చోవాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, నా ఆఫీసులో జనాన్ని కూర్చోబెట్టేది నేనే. మధ్యాహ్నానికి తాళం వచ్చింది. చెదలు తిన్న పుస్తకంలో ఆ సంవత్సరం దొరికింది. నాన్న పేరు ఎక్కడా లేదు. గుమాస్తా వేలితో ఒక గీత మీద ఆగాడు. "ఇంజను మేస్త్రి. జ్వరం." ఆ పక్కన వరస నంబరు రాయాల్సిన గడిలో నంబరు లేదు. ఎర్ర సిరాతో ఒకే మాట ఉంది. "అడ్డం."

అడ్డం అంటే ఖిబ్లాకి అడ్డంగా. ఎవరో తెలిసిన మనిషి దగ్గరుండి పెట్టించాడన్నమాట. ఇన్నేళ్ళ బెంగ ఒక్క మాటతో తీరిపోయింది. అక్కడికక్కడే అమ్మకి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ జేబులో పెట్టాను. పొద్దున బాణం నేర్పిన పాఠం ఇంకా పచ్చిగానే ఉంది. కంటితో చూడందే హద్దు రాయి పాతకూడదు.

శ్మశానం పాత పడవల షెడ్డు పక్కనే ఉంది. కాటికాపరి ఒక ముసలామె, ఆకులు ఊడుస్తోంది. మొగుడు పోయాక ఆ పని ఆమెకే వచ్చిందట. మేస్త్రి సమాధి అనగానే చీపురు ఆపింది.

"ఆ అడ్డం సమాధా? మీరెవరు, కొడుకా? ఇన్నాళ్ళకి తీరికైందా?"

ఆమె ముందు నడుస్తూ గొణుగుతూనే ఉంది. ఆ ఒక్కదాని వల్ల వరస చెడిందట, ఊడ్చినప్పుడల్లా కాలికి అడ్డం తగులుతుందట, రెండు సమాధుల చోటు పాడు చేశారని ఆఫీసువాళ్ళు ఆమె మొగుణ్ణి నానా మాటలూ అని పుస్తకంలో ఎర్ర సిరాతో రాశారట. ఒక గోడ పక్కన ఆగింది. సమాధులన్నీ దువ్వెన పళ్ళలా ఒకే తీరున ఉన్నాయి. గోడ దగ్గర ఒక్కటి మాత్రం వాటికి అడ్డం తిరిగి ఉంది. పైన పేరు లేదు, సున్నం మాత్రం కొత్తగా వేసి ఉంది.

కంపాసు తీశాను. ఒకసారి చూసి, నేల మీద పెట్టి మళ్ళీ చూశాను. అందరి సమాధులూ ఇంచుమించు ఖిబ్లాకి అడ్డంగా ఉన్నాయి. వాటికి అడ్డం తిరిగిన మా నాన్న సమాధి తిన్నగా ఖిబ్లా వైపుకి చూస్తోంది. తల ఎటు పెట్టారని అడిగాను. షెడ్డు వైపు అంది. కాళ్ళు ఎటు అని అడిగాను.

"సముద్రం వైపు."

"ఏ సముద్రం?" అని అరిచాను. ఆమె బెదరలేదు. చీపురు ఎత్తి చూపించింది. చూపించింది ఖిబ్లానే.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిద్రలో ఒక్క క్షణం అటు కాలు పెట్టినందుకు నేను దెబ్బలు తిన్న దిక్కుకి, మా నాన్న ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఏ ఆలోచనా లేకుండా అందరితో పాటు వరసలో పెట్టేసి ఉంటే, ముఖం సంగతి ఎలా ఉన్నా, దిక్కయినా సరిపోయేది. పనిగట్టుకుని చెడగొట్టారు. ఎవరు పెట్టమన్నారు ఇలా, మీకు తెలియకపోతే ఊరికే ఉండొచ్చు కదా అని ముసలామె మీద విరుచుకుపడ్డాను. ఆమె అంతా విని, గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఊరికే పెట్టలేదు నాయనా. ఈ గోడ అవతలే మీ నాన్న పని. రోజూ మధ్యాహ్నం చేతులు కడుక్కుని, కాళ్ళు కడుక్కుని, చేతులు కట్టుకుని ఇటు సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు. తప్పకుండా ఉండడానికి నేల మీద రెండు ఇటుకలు గుర్తు పెట్టుకున్నాడు. ఆయన నిలబడితే మా ఆయన పలుగు చప్పుడు చెయ్యకుండా ఆపేవాడు. మీ నాన్న పోయిన రోజు మా ఆయన అన్నాడూ, వరసలో పెడితే రేపు లేచి నిలబడేసరికి మొహం రోడ్డు వైపు ఉంటుంది, పరాయి ఊరు, ఎటు తిరగాలో వెతుక్కుంటాడు పాపం అని. గోడ వంకర, దాన్ని నమ్మొద్దని ఆ ఇటుకల మధ్య నుంచి గోడ మీదుగా దారం లాగి తవ్వాం. రెండో కొస పట్టుకుంది నేనే."

నేను మళ్ళీ కంపాసు చూశాను. ఒక్క డిగ్రీ తేడా లేదు. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో అంత తిన్నగా గీత లాగిన మనిషిని నేను చూడలేదు. అయినా తప్పు తప్పే. నాన్న కోసం ఫాతిహా ప్రార్థన చదివి, చేతులెత్తి దువా చేసుకున్నాను. అంతసేపూ ముసలామె చీపురు కదపలేదు.

అమ్మకి ఫోన్ చేసేముందు అబద్ధం సిద్ధం చేసుకున్నాను. అంతా సరిగ్గానే ఉందమ్మా అని చెప్పేస్తే చాలు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి ఇక్కడికి వచ్చి కొలవదు కదా. ముఖం ఎటు ఉందని అడుగుతుందనుకున్నాను. ఆవిడ అది అడగలేదు.

"కాళ్ళు ఎటున్నాయిరా?"

నా నోట అబద్ధం రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోడ, ఇటుకలు, దారం, ముసలామె మాటలు, ఏదీ దాచలేదు.

"చేతులు కట్టుకుని నిలబడేవాడు అందా ఆవిడ?" అని అడిగింది అమ్మ.

అందన్నాను.

"నమాజుకి నిలబడ్డవాడి కాళ్ళు ఎటుంటాయిరా? ఖిబ్లాకే కదా ఉంటాయి. నిలబెట్టారన్నమాట. నేనేమో ఇన్నేళ్ళూ పడుకోబెట్టారనుకుని ఏడ్చాను."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. దారం పట్టుకున్న ఆవిడకి ఫోన్ ఇవ్వమంది. ఇచ్చాను. ముసలామె ఫోన్ అందుకుంటూనే మీ ఆయన వల్ల నా వరస చెడిందమ్మా అని మొదలుపెట్టింది. అమ్మ ఏమందో నాకు వినబడలేదు. కాసేపటికి ముసలామె కూడా పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, సున్నం ఏటా నేనే వేస్తాలే, నువ్వు దిగులు పెట్టుకోకు అంటోంది.

ఫోన్ మళ్ళీ నా చేతికి వచ్చింది. అమ్మ ముక్కు చీదుకుని మామూలు గొంతులోకి వచ్చేసింది.

"అది సరే. లాడ్జిలో నువ్వు కాళ్ళు ఎటు పెట్టి పడుకున్నావు?"

"సరిగ్గానే పడుకున్నానమ్మా," అన్నాను. నాన్న కోసం సిద్ధం చేసుకున్న అబద్ధం అలా నా పిక్కల కోసం వాడుకున్నాను.