దారి కోసిన బండి

తరాజ్ పట్టణంలో పెద్ద బజారు సర్కిల్ మీదుగా రైల్వే స్టేషనుకు మినీ బస్సు నడిపే బెయ్‌సెన్‌కు ఆ ఏడాది చలి మొదలయ్యే రోజుల్లో ఓ జబ్బు పట్టుకుంది. డాక్టరుకు చూపించుకునే జబ్బు కాదు. అదే దారిలో బస్సు నడిపే ఎల్దోస్ అనే కుర్రాణ్ణి చూస్తే చాలు, కడుపులో మంట మొదలయ్యేది.

ఎల్దోస్ ఈ పనిలోకి వచ్చి ఏడాది కూడా నిండలేదు. బెయ్‌సెన్ జుట్టు స్టీరింగు వెనకే నెరిసింది. అయినా స్టాపులో నిలబడ్డ ముసలమ్మలు బెయ్‌సెన్ బస్సు వచ్చి ఆగితే ఎటో చూసేవారు. "వెనక ఎల్దోస్ బండి వస్తోందిలే నాయనా, నువ్వు పద" అనేవారు. ఎల్దోస్ బస్సు దిగేటప్పుడు మాత్రం రెండు అరచేతులూ పైకెత్తి వాణ్ణి నిండుగా దీవించి, చేతిసంచిలోంచి ఎండబెట్టిన పెరుగు ఉండలు తీసి వాడి గుప్పిట్లో కుక్కేవారు. బెయ్‌సెన్‌కు ఇన్నేళ్ళలో ఒక్క ఉండ పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

"మందు పెట్టాడు వాడు! లేకపోతే ఏముందిరా ఆ మొహంలో?" అన్నాడు ఓ రోజు స్టేషను దగ్గర టీ తాగుతూ.

"మందో మాకో తెలీదు గానీ బెయ్‌సెన్ ఆగా, ముసలమ్మల దీవెనలకు కూడా నువ్వు ఏడుస్తావని అనుకోలేదు" అని, పెద్దవాళ్ళను పిలిచే ఆ 'ఆగా'ను సాగదీస్తూ తోటి డ్రైవరొకడు నవ్వాడు. అందరూ నవ్వారు. బెయ్‌సెన్ టీ సగంలోనే వదిలేసి లేచిపోయాడు.

పోనీ ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా అంటే, అదీ లేదు. అతని తల్లి కులియాష్ కూడా బజారుకు ఎల్దోస్ బస్సులోనే వెళ్ళొచ్చేది. ఆ సంగతి తెలిసిన రోజు బెయ్‌సెన్ అన్నం ముందు కూర్చుని తల్లిని నిలదీశాడు.

"కడుపున పుట్టినవాడి బస్సుండగా పరాయివాడి బస్సెందుకు అపా? ఊళ్ళో నా పరువేం కావాలి?"

"నీ బస్సులో ముందు సీట్లో కూర్చుంటే రోడ్డు దాటేవాళ్ళ మొహాలు కనిపిస్తాయి నాయనా. ఆ భయం నేను చూడలేను."

"అంటే వాడు నాకంటే బాగా నడుపుతాడంటావు!"

ఆమె టీలో పాలు పోసుకుంది. తల్లి చెప్పినదాంట్లో అసలు సంగతి బెయ్‌సెన్‌కు అందలేదు. పోలిక ఒక్కటే చెవిలో గింగురుమంది.

ఇక్కడ చదువరులు ఒక విషయం గమనించాలి. సర్కిల్‌లోంచి పక్క రోడ్డులోకి తిరిగే బండి, ఆ రోడ్డు దాటుతున్న మనిషి కోసం ఆగి తీరాలి. బెయ్‌సెన్‌కు ఇది తెలియక కాదు. లైసెన్సు పరీక్షలో సరైన జవాబే చెప్పాడు. కానీ, బస్సును చూసి వాళ్ళే ఆగుతారులే అన్న ధీమా మెల్లగా కాలికి అలవాటైపోయింది. మనలో ఎంతమందికి కాలేదు?

విచిత్రం ఏమిటంటే, కాలినడకన ఉన్నప్పుడు అతనంత మర్యాదస్తుడు ఆ వీధిలో లేడు. పెద్దలు నడిచి వస్తుంటే వాళ్ళ ముందునుంచి చిన్నవాళ్ళు అడ్డంగా వెళ్ళడాన్ని అక్కడ దారి కోయడం అంటారు. తిట్టినా క్షమిస్తారేమో గానీ దారి కోస్తే క్షమించరు. మసీదు నుంచి పెద్దలు వస్తుంటే బెయ్‌సెన్ ఇప్పటికీ గోడవారగా నిలబడి, వాళ్ళు దాటాకే కదిలేవాడు.

ఒక ఉదయం సన్నగా మంచు కురుస్తోంది. బెయ్‌సెన్ సర్కిల్‌లోకి వచ్చేసరికి ఎదర ఎల్దోస్ బస్సు. కిటకిటలాడుతోంది. అది పక్కకు తిరిగేటప్పుడు ముందు సీట్లో తల్లి ఆకుపచ్చ తలగుడ్డ కనిపించింది. బెయ్‌సెన్ ఒళ్ళు మండిపోయింది. స్టేషను రోడ్డులోకి తిరుగుతూనే ఎల్దోస్ బస్సు ఆగింది.

"చూశారా, స్టాపు కాని చోట కూడా ఎక్కించుకుంటున్నాడు! నా జనాన్నీ వీడే ఊడ్చుకుపోవాలి, నా తల్లినీ వీడే తిప్పాలి!" అని పళ్ళు నూరుతూ బెయ్‌సెన్ ఎడమకు కోసి, వేగం పెంచి, ఆ బస్సును దాటబోయాడు.

ఎల్దోస్ బస్సు తలుపు అసలు తెరుచుకోలేదు. దాని ముందు, తెల్ల గీతల మీద, చక్రాల సంచీ లాక్కుంటూ ఒక ముసలావిడ నడుస్తోంది. బస్సు చాటునుంచి ఆమె బయటపడ్డ క్షణంలోనే బెయ్‌సెన్ బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు కీచుమంటూ జారి, సంచీని పడదోసి ఆగింది. ఆపిళ్ళు రోడ్డంతా దొర్లాయి.

ఆమె తిట్టలేదు. తిడితే ఏమనాలో బెయ్‌సెన్ నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది.

"తప్పు నాదే నాయనా, చూసుకోలేదు. నువ్వు వెళ్ళు, నీకు పనుంటుంది."

తల్లి వయసు మనిషి తనకు దారి వదిలి నిలబడింది. బెయ్‌సెన్‌కు సిగ్గుతో చెమటలు పట్టాయి. ఎల్దోస్ దిగి ఆపిళ్ళు ఏరుతున్నాడు. కులియాష్ వచ్చి ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

"అపా, వాడు జనాన్ని ఎక్కించుకుంటున్నాడనుకున్నా..." అని గొణిగాడు బెయ్‌సెన్.

"వాడు ఆగింది ఈవిడ కోసంరా! రోజూ ఆగుతాడు" అంది కులియాష్. "చిన్నప్పుడు ఒకసారి మీ తాత దారి కోశావని నీ చెవి మెలేశాను. మళ్ళీ ఎవరి దారీ కోయలేదని ఇన్నేళ్ళూ మురిసిపోయాను, పిచ్చిదాన్ని. కింద నాలుగు చక్రాలు రాగానే ఊరందరికీ పెద్దవాడివైపోయావా? ఈ ఊళ్ళో ప్రతి ముసలిప్రాణం దారీ కోస్తున్నావు. ఇంక నీ బస్సు ఎవరెక్కుతారు, నిన్నెవరు దీవిస్తారు?"

వెనక బళ్ళు హారన్లు మోగిస్తున్నా ఇద్దరు ముసలమ్మలూ మెల్లగా నడిచి అవతలికి చేరారు. బెయ్‌సెన్ తల ఎత్తలేకపోయాడు.

అసూయ ఒక్క రోజులో చావలేదు. ఎల్దోస్ బస్సు నిండుగా కనబడితే తరవాత కూడా లోపల చురుక్కుమనేది. అయితే సర్కిల్ దగ్గర మాత్రం ఆ మంట కాలిదాకా దిగకుండా చూసుకున్నాడు.

ఆ వారంలోనే ఒక పడుచు ఇల్లాలు పిల్లాడి బండి తోసుకుంటూ అక్కడే గీతల అంచుకు వచ్చింది. బెయ్‌సెన్ బస్సు ఆపాడు. నెరిసిన తల చూసి ఆమె కూడా ఆగిపోయింది.

"నడు తల్లీ" అన్నాడతను కిటికీలోంచి.

"మీరు వెళ్ళండి ఆగా. పెద్దవారు, మీ దారి కోయకూడదు."

వెనకనుంచి ఎవడో హారన్ కొడుతూ అరిచాడు: "వియ్యాలవారి మర్యాదలు ఇంట్లో చూసుకోండయ్యా!"

బెయ్‌సెన్ ఇంజను కట్టేశాడు.

"కాదమ్మా, దారి కోసేవాణ్ణి నేను. ఇంట్లో, వీధిలో నా పెద్దరికం ఉంటే ఉండనీ. ఈ గీతల మీద నడిచేవాళ్ళే పెద్దవాళ్ళు. ఆ బండిలో నిద్రపోతున్నాడే, వాడు కూడా ఇక్కడ నాకంటే పెద్దవాడే. తీసుకెళ్ళు."