సతుర్నీనా ఇంటి రాతిదేవుడు

జ్ఞానప్రసూనకి చేతులు ఊరుకుంటేగా! 2007లో అమెరికాలోని చాండ్లర్ వచ్చింది మొదలు, హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చునేది. భర్త దివాకర్ చిప్‌ల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే ఆమెకి మాటతోడు పక్కింటి పెరూ ముసలావిడ సతుర్నీనా ఒక్కతే. ఇద్దరివీ వచ్చీరాని ఇంగ్లిష్‌లే. అయినా కబుర్లకేం తక్కువ లేదు.

ఆపరేషన్‌కని హాస్పిటల్‌కి వెళ్తూ సతుర్నీనా ఒక రాతిబొమ్మని గుడ్డలో చుట్టి తెచ్చింది. గుప్పెట్లో పట్టేంత నల్లటి లామా, పెరూ కొండల్లో పెంచే పొడుగుమెడ జంతువు. వీపు మీద చిన్న గుంట.

"ఇది కొనోపా, మా ఇంటి దేవుడు. కొండల్లో మా మందల్ని కాచింది ఇదే. ఒంటరిగా వదలకూడదు. కాస్త చూసుకో, ప్రసూనా."

"దేవుణ్ణి చూసుకోవడం నాకు చెప్పాలా ఆంటీ! మీరు నిశ్చింతగా వెళ్ళి రండి."

శుక్రవారం పూజసామాను తోముతూ చూస్తే గుంట నిండా నల్లటి జిడ్డు, ముక్కవాసన. అయ్యయ్యో, దేవుణ్ణి ఇలాగా ఉంచుకునేది! పాపం, ఓపిక లేక వదిలేసి ఉంటుందనుకుంది. వేడినీళ్ళు పోసి, చింతపండు పట్టించి, గుంటంతా పుల్లతో గీకి, సింకులో శుభ్రంగా కడిగేసింది. బొట్టు పెట్టి మన దేవుళ్ళ పక్కన కూర్చోబెట్టింది. ఎంత ముద్దొచ్చిందో!

సతుర్నీనా ఇంటికి రాగానే బొమ్మ కోసం వచ్చింది. చేతిలోకి తీసుకుని గుంటలో వేలు పెట్టింది. వేలు పొడిగా బయటికొచ్చింది.

"కొవ్వేదీ?" అంది.

"మురికి పట్టిందని క్లీన్ చేశాను ఆంటీ."

"మురికి కాదమ్మా. ఏటా ఆగస్టులో దేవుడికి పెట్టే లామా కొవ్వు. మా అమ్మ పెట్టింది, వాళ్ళ అమ్మ పెట్టింది. ఆఖరిసారి నా కూతురు పెట్టింది, తన వేలితో. ఆ ఏడే చచ్చిపోయింది. దాని వేలిముద్ర చెరిగిపోతుందని నేను మళ్ళీ పెట్టలేదు."

ఎంత పని చేశాను తల్లీ అనుకుంది ప్రసూన.

"ఆ నీళ్ళు ఎక్కడ పోశావు?" సతుర్నీనా ఆశగా అడిగింది.

సింకులో అని ఏ నోటితో చెప్తుంది?

"తులసి కుండీలో" అనేసింది.

సతుర్నీనా మొహం విప్పారింది. కుట్లు ఇంకా మానని ఒంటితో గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది. కుండీ ముందు మోకాళ్ళ మీద కూలబడి, మట్టిని చిటికెడు చిటికెడు తీసి ముద్దుపెట్టుకుంటూ గుంటలో అదమసాగింది. గుమ్మంలో ప్రసూన చున్నీ నోట్లో కుక్కుకుంది.

"నా బిడ్డ ఎక్కడికీ పోలేదు, ప్రసూనా" అంది సతుర్నీనా. "నీ ఇంట్లోనే ఉంది."