తేజు గ్లాసు

సోమవారం వచ్చిందంటే దమయంతికి కాలు ఒకచోట నిలవదు. నాలుగింటికి ఎంత పెద్ద మీటింగ్ ఉన్నా తలనొప్పి వంక పెట్టి డ్రాప్ అయిపోయేది. ఉప్మా గిన్నెని టవల్లో చుట్టి కారెక్కించి, శాన్ రామన్ నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి ఓక్లాండ్ చర్చి హాలు చేరేది. కూతురు హంసిక అప్పటికే కుర్చీలు గుండ్రంగా వేసి ఉంచేది.

"మమ్మీ, మళ్ళీ ఉప్మానా? తింటే అందరికీ స్లీప్ వస్తది. ప్రాక్టీస్ చెయ్యరు," అని విసుక్కునేది హంసిక. విసుక్కుంటూనే అందరికంటే ముందు తనే ఒక ప్లేటు లాగించేది. నోటికీ చేతికీ పొంతన లేని పిల్ల.

ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళంతా ఒకప్పుడు తుపాకీ పట్టి, జైల్లో ఏళ్ళకేళ్ళు ఉండి బయటికొచ్చినవాళ్ళే. ఇప్పుడు తూటా తగిలి హాస్పిటల్లో చేరినవాళ్ళ మంచం పక్కన కూర్చోవడమే వాళ్ళ ఉద్యోగం. ఆ పడుకున్నవాడి అన్నో స్నేహితుడో పగతో ఊగిపోతూ లేస్తే, మాటల్లో పెట్టి ఇంటికి పంపాలి. వాళ్ళ జీతాలకి రాష్ట్రం ఇచ్చే గ్రాంట్ జూన్‌తో సరి. దాన్ని శాశ్వతం చెయ్యమనే బిల్లు రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో కమిటీ ముందుకొస్తోంది. అక్కడ సాక్షికి రెండు నిమిషాలు ఇస్తారు. ఆ రెండు నిమిషాల్లో ఏం చెప్పాలో నేర్పడం హంసిక పని.

గ్లాసు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని అక్కడో పద్ధతి. ఆ గ్లాసు దమయంతి తమ్ముడు తేజేశ్వర్‌ది. చీరాల నుంచి డల్లాస్‌కి ఎమ్మెస్ చదవడానికొస్తూ సూట్‌కేస్‌లో బట్టల మధ్య కుక్కుకొచ్చిన మామూలు స్టీలు గ్లాసు. సాయంత్రాలు గ్యాస్ స్టేషన్లో కౌంటర్ దగ్గర ఉండేవాడు పాపం. అక్కడే కాల్చేశారు. వాడి సామాను అక్క ఇంటికొచ్చింది.

దాన్ని పట్టుకుని ఎవరైనా మనసులోంచి మాట్లాడితే, చిన్నప్పుడు వాళ్ళింట్లో తాగినదేదో అందులో నిండేది. ఒకాయనకి వాళ్ళమ్మ పొడి కలిపి చేసే ఎర్రటి షర్బత్, ఇంకొకాయనకి దాల్చినచెక్క వేసిన బియ్యం పాలు. బట్టీ పట్టింది అప్పజెబితే మాత్రం చుక్క ఊరేది కాదు. నిండితే తాగేసి, కడిగి, పక్కవాళ్ళకిచ్చేవాళ్ళు. దమయంతి దాన్ని తోమిపెట్టేదే తప్ప, పట్టుకుని నోరు విప్పిన పాపాన పోలేదు.

చిక్కల్లా డెల్మార్‌తోనే వచ్చింది. యాభై దాటిన మనిషి, కుర్రతనమంతా జైల్లోనే పోయింది. కబుర్లలో పెడితే నవ్వించి చంపేస్తాడు. కానీ ఎదురుగా పెద్దమనుషులు వరసగా కూర్చున్నారనుకోమంటే చాలు, నడుం నిటారుగా పెట్టి, "నేను చేసిన నేరానికి పూర్తి బాధ్యత నాదే. ఆనాటి నా ఆలోచనలో తప్పేమిటో తెలుసుకున్నాను," అని మొదలెట్టేవాడు. విడుదల కోసం పెరోల్ బోర్డు ముందు ఏళ్ళ తరబడి ఒప్పజెప్పిన పాఠం అది. గ్లాసు ఖాళీగానే ఉండేది.

"డెల్మార్, నిన్ను ఎప్పుడో వదిలేశారు. ఇప్పుడు అడగాల్సింది నీ విడుదల కాదు, బిల్లు," అనేది హంసిక.

"నాకు తెలుసమ్మా. నా నోటికే ఇంకా తెలియలేదు," అనేవాడు అతను, ఇంగ్లీషులోనే.

అదే మనిషి గిన్నెలు కడిగేటప్పుడు దమయంతి పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి వాళ్ళ నానమ్మ సంగతులు చెబితే, గ్లాసు పొంగిపోయేది. ఆవిడ లూజియానా నుంచి వచ్చిందట. చికోరీ కలిపిన కాఫీలో సగానికి సగం పాలు పోసి పొద్దున్నే మనవడికి ఇచ్చేదట. ఆ వాసన తగిలితే దమయంతికి చీరాలలో అమ్మ వంటిల్లు, ఇత్తడి ఫిల్టరు, దాని పక్కన చంకలు గుద్దుకుంటూ నిలబడే తేజు కళ్ళముందు కదిలేవాళ్ళు. ప్రాణం ఉసూరుమనేది. అయినా ప్రతి సోమవారం ఆ వాసన కోసమే వచ్చేది, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

సాక్రమెంటోలో సాక్షులు ఇద్దరు. ఒకరు డెల్మార్. మనిషిని పోగొట్టుకున్న ఇంటి తరఫున ఇంకొకరు కావాలంటే, హంసిక తన తల్లిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. దమయంతి ఒప్పుకుంది గానీ, తమ్ముడి ఊసు ఎక్కడా రాకుండా లెక్కలతో ఒక కాగితం రాసుకుంది.

ముందు డెల్మార్‌ని పిలిచారు. తేజు గ్లాసు చేత్తో పట్టుకునే వెళ్ళి కూర్చున్నాడు. ఎత్తైన బల్ల వెనక వరసగా సభ్యులు, మధ్యలో ఛైర్‌పర్సన్ అయిన ఒక పెద్దావిడ. వాళ్ళని చూడగానే అతని నడుం నిటారుగా అయిపోయింది. "నేను చేసిన నేరానికి పూర్తి బాధ్యత నాదే..."

వెనక వరసలో హంసిక తల పట్టుకుంది. డెల్మార్‌కి తను ఏం చేస్తున్నాడో తెలుస్తూనే ఉంది. చెమటలు పట్టేశాయి, మాట మాత్రం ఆగడం లేదు. టైమర్ మోగాక ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టి తల దించుకున్నాడు. ఒక సభ్యుడు అప్పుడే ఫోన్ చూసుకుంటున్నాడు.

దమయంతికి ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదని చెబుతుంది? కాగితం మడిచి పక్కన పెట్టి, గ్లాసు అందుకుంది.

"మా తేజుకి సుగంధి అంటే ప్రాణం," అంది. "అది మా ఊళ్ళో వేసవిలో అమ్మే షర్బత్. గడియారస్తంభం దగ్గర ఒకటి కొనుక్కుని ఇద్దరం తాగేవాళ్ళం. నాకు సగం ఉంచుతానని ముప్పావు తాగేసేవాడు. వాణ్ణి కాల్చిన కుర్రాడికి వాడెవడో కూడా తెలియదు. ముందురోజు ఆ కుర్రాడి అన్నని ఎవరో కాల్చారు. వాళ్ళని వెతుక్కుంటూ వచ్చి, కౌంటర్లో ఉన్న మావాణ్ణి వాళ్ళ మనిషే అనుకుని కాల్చాడు. అంతకుముందు రాత్రంతా హాస్పిటల్లో అన్న మంచం పక్కన ఆ పిల్లాడు ఒక్కడే కూర్చున్నాడట. పక్కన ఇలాంటి మనిషి ఒక్కడుంటే, మావాడు ఉండేవాడండీ."

గ్లాసు అంచుదాకా సుగంధి నిండింది. ఆ చల్లటి వాసన బల్ల వెనక్కి కూడా పాకింది. ఫోన్ చూస్తున్నాయన తలెత్తాడు. టైమర్ మోగినా ఛైర్‌పర్సన్ విననట్టే ఊరుకుంది. దమయంతి సగం తాగి, మిగతా సగం డెల్మార్ ముందుకు జరిపింది.

"తాగు," అంది.

అతను తాగాడు.

"నాకోసం ఏమీ అడగను," అన్నాడు. "మంచం పక్కన నా కుర్చీ తీసేయకండి. అంతే."

ఒక్క ఓటు తేడాతో బిల్లు కమిటీ దాటింది. ముందు ఇంకా చాలా గండాలున్నాయి గానీ, ఆ కుర్చీ మీద ఆశ మిగిలింది.

తిరిగొస్తుంటే బర్కిలీ దగ్గర డెల్మార్‌కి హాస్పిటల్ నుంచి ఫోన్. ఎవరో కుర్రాడికి తూటా తగిలింది. దమయంతి కారు అటే తిప్పింది. ఎమర్జెన్సీ గుమ్మం ముందు డెల్మార్ దిగుతూ, "గ్లాసు ఒకసారి ఇస్తారా, మిస్ దమయంతీ?" అని అడిగి పట్టుకెళ్ళాడు. హంసికా ఆమే కార్లోనే ఉండిపోయారు.

ఇంకా ఎండ పోలేదు. కాసేపటికి ఒక యువకుడు తలుపు నెట్టుకుని బయటికి దూసుకొచ్చాడు. చేతిలో కారు తాళాలు, చొక్కా మీద తమ్ముడి రక్తం. వెనకే డెల్మార్. అతన్ని పట్టుకుని ఆపలేదు, చేతికి గ్లాసిచ్చి ఏదో అడిగాడంతే.

ఆ యువకుడు ముందు కసురుకున్నాడు. తర్వాత ఒక మాట చెప్పాడు. ఇంకో మాట చెప్పాడు. గ్లాసులోంచి పాలలాంటిదేదో పొగలు కక్కింది. ఫుట్‌పాత్ అంచున కూలబడి, రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తాగుతూ తాగుతూ ఏడుపు అందుకున్నాడు. తాళాలు తీసి డెల్మార్ చేతిలో పెట్టేశాడు.

దమయంతి స్టీరింగ్ మీద తల ఆన్చి, ఇన్నేళ్ళ ఏడుపూ ఏడ్చింది. హంసిక ఆమె వీపు నిమిరింది.

ఆ వేళకి ఆ ఊళ్ళోనే, ఆ యువకుడి కారు వెళ్ళి ఆగాల్సిన ఇంకో ఇంట్లో, ఎవరి తమ్ముడో ఏమీ తెలియకుండా అన్నానికి కూర్చుని ఉంటాడు. తింటూ ఫోన్ చూడకురా అని వాళ్ళక్క వాణ్ణి తిడుతూ ఉంటుంది.