మూడు పొరల తెల్లరాళ్ళు

సోమవారం ఉదయం తొమ్మిదింటికి అక్క క్లినిక్ షట్టరు ఎత్తి, లైటు వేసి, ముందుగదిలోని చేపల తొట్టిలోంచి చచ్చిన చేపను చెంచాతో తీసింది. మూడు వారాల్లో ఇది రెండోది. ఆరు తెచ్చారు, నాలుగు మిగిలాయి. అన్నీ తొట్టి అడుగున తిరిగే మీసాల చేపలు. దాన్ని కాగితం మీద పెట్టి చూసింది. నోటి చుట్టూ ఉండాల్సిన మీసాలు లేవు, మొదళ్ళు మిగిలాయి. పొట్ట కింద ఎర్రగా కమిలింది.

పళ్ళ డాక్టరు ఆమె తమ్ముడు. క్లినిక్‌లో ఫోన్లు, చీటీలు, తొట్టి ఆమె పని. ఇంట్లో అతన్ని ఒరేయ్ అంటుంది. పేషెంట్ల ముందు డాక్టరుగారూ అంటుంది. ఆ ఏర్పాటు అతనిదే. ఎనిమిదేళ్ళలో ఆమె ఒక్కసారీ తప్పలేదు.

తొట్టికీ అతని ఏర్పాట్లున్నాయి. రోజూ అద్దం తుడవాలి. అడుగున రాళ్ళు కదపకూడదు. కదిపితే నీళ్ళు మసకబారతాయి, పేషెంట్లు చూస్తారు. రాళ్ళు నల్లబడితే పైన ఇంకో బస్తా తెల్లరాళ్ళు పోయాలి. రెండేళ్ళలో మూడు బస్తాలు పోశారు. అడుగున మురికి పేరుకుందని అక్క నాలుగు నెలల కిందట అంటే, ఈ చేపలు తెచ్చాడు. ఇవి క్లీనర్ చేపలు, మురికి సంగతి అవే చూసుకుంటాయి అన్నాడు.

ముందురోజు, ఆదివారం, అక్క చేపల దుకాణానికి వెళ్ళి అడిగింది.

"మురికి తినే చేప ఎక్కడా లేదమ్మా. మీసాలతో అడుగు తడుముకుని, పడ్డ మేత ఏరుకుంటుందంతే. అడుగు కుళ్ళితే ముందు పోయేది మీసాలే. రాళ్ళు పదునైనవైతే ఇంకా త్వరగా పోతాయి" అన్నాడు దుకాణం అతను.

"మరి మావాడికి క్లీనర్ అని చెప్పింది మీరేగా?"

"నేనే. అలా చెప్తేనే కొంటారు."

అక్క అతని మొహం చూసింది. అక్కడే నీళ్ళు లాగే సైఫన్ గొట్టం కొనుక్కుని వచ్చి, క్లినిక్ వెనక గదిలో రెండు బకెట్లు నీళ్ళు పట్టి, క్లోరిన్ పోవడానికి మందు కలిపి ఉంచింది.

సోమవారం తమ్ముడు రాగానే కాగితం మీది చేపను చూపించింది.

"ఒరేయ్, రాళ్ళు తీసెయ్యాలి. లేకపోతే మిగతా నాలుగూ పోతాయి."

"సాయంత్రం చూద్దాంలే అక్కా."

"నెల నుంచీ సాయంత్రమే అంటున్నావు. నీ సాయంత్రం ఎప్పుడొస్తుందిరా?"

"ఇప్పుడా గొడవ? పోతే ఇంకో నాలుగు తెస్తాను."

పదకొండింటికి ముందుగదిలో ఐదుగురున్నారు. వాళ్ళలో ఒక లారీ డ్రైవరు, దవడ వాచి, చెంప పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు ఒక పెద్దావిడను తలుపు దాకా పంపుతూ, ఆవిడ పాత డాక్టరును తిడుతున్నాడు.

"కింద పుచ్చు అలాగే ఉంచి పైన తెల్ల సిమెంటు పూశాడమ్మా. వాడూ ఒక డాక్టరేనా? గోడకి సున్నం కొట్టేవాడు కూడా ముందు గీకుతాడు."

అతను మళ్ళీ లోపలికి వెళ్ళగానే అక్క చీటీల పుస్తకం మూసింది. ప్లాస్టిక్ డబ్బాలో తొట్టి నీళ్ళు ముంచి, వలతో నాలుగు చేపలనూ పట్టి అందులో వేసింది. ఖాళీ బకెట్టు తెచ్చి గది మధ్యలో పెట్టింది. గొట్టం ఒక కొసను రాళ్ళలోకి, అడుగు అద్దం తగిలేదాకా దింపింది. పై పొర తెల్లగా ఉంది. రెండోది గోధుమరంగులో ఉంది. మూడోది నల్లగా ఉంది. బకెట్లోకి నల్లనీళ్ళు వచ్చాయి. గదిలో కుళ్ళిన గుడ్ల వాసన లేచింది.

"అమ్మో, నా పన్నే నయం" అన్నాడు డ్రైవరు. ఒకామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

తమ్ముడు మాస్కుతో బయటికి వచ్చాడు. భూతద్దాల కళ్ళజోడు నుదుటి మీద ఉంది.

"ఏంటిది? పేషెంట్ల ముందు నా పరువు తీస్తావా?"

"నీ పరువు అడుక్కి చేరి రెండేళ్ళయింది. నేను బకెట్లోకి తోడుతున్నాను."

"అక్కా, లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఒరేయ్, ఇక్కడే మాట్లాడు. ఇందాక ఆ పెద్దావిడకేం చెప్పావు? పుచ్చు ఉంచి పైన తెల్లది పూసినవాణ్ణి ఏమన్నావు? మూడు బస్తాలు పూశావు నువ్వు. రెండు ప్రాణాలు పోయాయి."

అక్క డబ్బా ఎత్తి అతని మొహం ముందు పెట్టింది.

"ఆ అద్దాలు కిందికి దించు. నోరు చూడటం నీ పనేగా? చూడు."

అతను కళ్ళజోడు దించుకున్నాడు. డబ్బా తిప్పి చూశాడు. ఒక చేపకు ఒక వైపు మీసాలు లేవు. ఇంకొకదానికి కుళ్ళు పెదవి దాకా తినేసింది. దాని దగ్గర అతను చాలాసేపు ఆగాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పేషెంట్లని అడిగే ప్రశ్న నన్నడక్కు. నేను చెప్తూనే ఉన్నాను, నువ్వు అద్దం తుడవమన్నావు."

అతను డబ్బాను బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. డ్రైవరు లేచి, నిండిన బకెట్టును ఒక చేత్తో ఎత్తాడు.

"ఎక్కడ పొయ్యాలక్కా?"

"వెనక దొడ్లో. చెంప వదలకు బాబూ, నీ నొప్పి నీకుంది."

రాళ్ళన్నీ ఒక్క రోజులో తీయలేదు. రోజుకి పావువంతు నీళ్ళు తోడి, పావువంతు రాళ్ళు తీసి, వాటి చోట కడిగిన సన్న ఇసుక వేసి, మందు కలిపిన నీళ్ళు పోసి, చేపలను మళ్ళీ తొట్టిలో వదిలింది. తోడే పని పేషెంట్లున్న వేళలోనే చేసింది. తమ్ముడు వద్దనలేదు. ఆమె అతనితో మాట్లాడలేదు. ఫోను వస్తే చీటీ రాసి తలుపు కింద నుంచి తోసింది.

గురువారం ఉదయం పెదవి పోయిన చేప చచ్చి తేలింది. అక్క దాన్ని పారెయ్యలేదు. కాగితంలో పెట్టి లోపలికి తీసుకెళ్ళి, పరికరాల ట్రే పక్కన పెట్టింది.

"ఇది నువ్వు పారెయ్" అంది.

కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు. తమ్ముడు చేతి తొడుగులు తీశాడు. కాగితం మడిచి, రెండు చేతులతో పట్టుకుని, ముందుగదిలోంచి నలుగురూ చూస్తుండగా బయటికి నడిచాడు. అక్క వెనక్కి వచ్చి గొట్టం పట్టుకుంది. కొత్త ఇసుక మీద మూడు చేపలు మేత వెతుక్కుంటున్నాయి.