పెద్దాయన నేర్పిన తుపాకి

అల్ కుసైస్ అప్పటికింకా ఊరనిపించుకోలేదు. పదో పన్నెండో ఇళ్ళు, మేకల దొడ్లు, ఆ పైన అంతా ఇసుకే. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన షాహీదా అక్కడ సుల్తాన్ అనే అరబ్బు ఇంట్లో వంటకూ ఇంటిపనికీ ఉండేది. సుల్తాన్ సరుకుల పడవ నడిపేవాడు. సముద్రం మీదికి వెళితే మూడు వారాలకు గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఇంట్లో మిగిలేది కడుపుతో ఉన్న భార్య మరియం, కళ్ళకు పొరలు కమ్మిన తండ్రి హమద్, షాహీదా.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో అదే వరసలో రెండిళ్ళలో దొంగలు పడ్డారు. ఒక ఇంట్లో ముసలామె చెయ్యి విరగ్గొట్టి పోయారు. సుల్తాన్ పోలీసుల దగ్గర అనుమతి తీసుకుని, తండ్రినీ షాహీదానూ వెంటబెట్టుకుని నైఫ్ బజారులో ఒక తుపాకుల దుకాణానికి వెళ్ళాడు.

దుకాణదారు గోడమీది నుంచి పొడుగాటి బరువు తుపాకి దించాడు. సుల్తాన్ ముచ్చటపడ్డాడు. హమద్ దాన్ని చేత్తో తడిమి పక్కన పెట్టేశాడు. ఒకప్పుడు బొంబాయిలో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి. షాహీదాతో హిందీలోనే మాట్లాడేవాడు.

"ఇది నీ భుజానికి సరిపోద్ది సుల్తాన్. నువ్వేమో ఇంట్లో ఉండవు. ఎత్తాల్సింది ఈ పిల్ల. బేటీ, మోచెయ్యి మడువు."

షాహీదా వెనక్కి జరిగింది. "నేనా? నాకు కోడిని కొయ్యాలన్నా భయమే బాబా."

"భయమున్న వాళ్ళకే నేను నేర్పుతాను. భయం లేనివాడి చేతికి చీపురు కూడా ఇవ్వను."

మోచేతి మడత నుంచి వేలి దాకా జానతో కొలిచి, ఆ కొలతకు సరిపడే పొట్టి కర్రపిడి ఉన్న తుపాకి అడిగాడు. రెండు గొట్టాలు, చిన్న తూటా. "దెబ్బ చిన్నదే. కానీ కంగారులో కూడా నీ మాట వింటుంది," అన్నాడు.

ఇరవై రోజులు ఆమెను తూటా ముట్టనివ్వలేదు. రోజూ పొద్దున్నే ఇంటి వెనక ఇసుకదిబ్బ దగ్గరికి తీసుకెళ్ళి ఒట్టి తుపాకి ఎత్తించేవాడు. చేతికి తీసుకోగానే విరిచి, అంటే గొట్టాలు కిందికి వంచి తెరిచి, లోపల చూడాలి, ఖాళీ అని ఎవరు చెప్పినా సరే. గొట్టం ఊరికే మనిషి వైపు తిరగకూడదు. ముందు గొంతెత్తి అడగాలి. ఎదుట ఉన్నదెవరో తేలేదాకా వేలు మీట దగ్గరికే పోకూడదు. కళ్ళు కనిపించకపోయినా ఆమె అడుగుల చప్పుడుని బట్టి తప్పులు పట్టేసేవాడు.

"మడమ లేచింది. మళ్ళీ!"

మొదటిసారి నూనె డబ్బా మీదికి పేల్చిన రోజు భుజం కమిలిపోయింది. మరియం తనే ఉప్పు వేయించి కాపడం పెట్టింది. పరాయి దేశంలో తనకొకరు కాపడం పెట్టడం షాహీదాకు అదే మొదలు. ఏడుపొచ్చింది.

ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం ఇసుకగాలి లేచింది. వాకిలి కూడా సరిగా కనిపించడం లేదు. మరియం లోపల పడుకుని ఉంది. వెనక గోడ దగ్గర ధబ్బుమని చప్పుడైంది. షాహీదా తూటాలు వేసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, ముఖానికి గుడ్డ చుట్టుకున్న మనిషి ఇనప కడ్డీ పట్టుకుని వంటింటి వైపు వస్తున్నాడు. తుపాకి ఎత్తింది. భయంలో నోటికి తెలుగే వచ్చింది.

"ఎవురు నువ్వు? ఆడే ఆగు! కాల్చేస్తా!"

కడ్డీ కింద పడింది. మనిషి మోకాళ్ళ మీద కూలాడు. "అక్కా! తెలుగోళ్ళా? కాల్చకు నీ కాల్మొక్త! గాలిల తొవ్వ తప్పి, కడ్డీతోని తడుముకుంట గోడకు గుద్దుకున్న. దూపైతంది, జరన్ని నీళ్ళకచ్చిన."

షాహీదా తుపాకి విరిచి తూటాలు తీసి కిటికీలో పెట్టింది. ఆ తరవాతే కుండలో చెంబు ముంచింది. అతను మూడు చెంబులు గటగటా తాగాడు. పేరు పర్శరాములు, కరీంనగర్ వైపు మనిషి, దగ్గర్లోనే మేస్త్రీ పని.

అలికిడి విని హమద్ గోడ పట్టుకుంటూ వచ్చాడు. "అప్పుడు వేలు ఎక్కడుంది బేటీ?"

"మీటకు బయటే, బాబా."

"అల్ హమ్దులిల్లా," అని దేవుణ్ణి తలుచుకుంటూ పెద్దాయన అక్కడే చతికిలబడ్డాడు. అప్పుడు గానీ షాహీదా గుమ్మం మీద కూర్చోలేదు. పర్శరాములే ఆమెకు నీళ్ళందించాడు.

తనను బతికించింది పెద్దాయన నేర్పిన పాఠమేనని షాహీదా నోట విన్నాక పర్శరాములు శుక్రవారాలు రావడం మొదలుపెట్టాడు. మేకల దొడ్డి గోడ కట్టిచ్చాడు. మరియంకు ఆడపిల్ల పుడితే ఉయ్యాల చేసి తెచ్చాడు. హమద్ పక్కన కూర్చునేవాడు; ఇద్దరూ చెరో భాషలో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు.

రెండేళ్ళకు పెద్దాయన నిద్రలోనే పోయాడు. ఆడవాళ్ళు ఖననానికి వెళ్ళరు గనక షాహీదా ఇంట్లోనే కూర్చుని ఏడ్చింది. సాయంత్రం పర్శరాములు వచ్చాడు, చేతులకింకా మట్టి.

"కబరస్తాన్ గేటు బయటనే నిలవడ్డ అక్కా. సుల్తాన్ సాబ్ చూసి లోపటికి తోల్కపోయిండు. అందరితోని నేను సుత మూడు గుప్పిళ్ళు మట్టేసిన. ఎవ్వలు ఏమనలే."

ఆ రోజు నుంచి షాహీదా ప్రతి నమాజు తరవాతా దువాలో కన్నతండ్రి పేరు పక్కనే హమద్ పేరు కూడా తలుచుకునేది.