గూనివాడి వీపు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టలో ఆ ఎర్ర అట్టను చూసి కమలకుమారి ఆగిపోయింది. తాను చదివిన కాన్వెంటు లైబ్రరీ ముద్ర ఇంకా చెరగలేదు. అరవై ఏళ్ల కిందట, మధ్యాహ్నం గంట కొట్టేలోగా, కిటికీ పక్క బల్ల మీద తానూ జమునా తలలు ఆనించుకుని చూసిన వ్యంగ్య చిత్రాల పుస్తకం.

జమునకు అందులో ఒక్క బొమ్మే ప్రాణం. మూడు వందల ఏళ్ల నాటి పారిస్ వీధి. షేర్ల కాగితాల కోసం ప్రభువులూ పాదిరీలూ వంటవాళ్లూ ఎగబడుతుంటే, ఒక గూనివాడు వంగి నిలబడి, వాళ్ల సంతకాలకు తన వీపునే బల్లగా కిరాయికిస్తుంటాడు.

"అచ్చం మా నాయన లెక్కనే ఉన్నడు" అనేది జమున. ఆమె తండ్రి నాంపల్లి స్టేషనులో హమాలీ.

పుస్తకం బైండింగుకు వెళ్లి వచ్చాక ఆ బొమ్మ కనిపించలేదు. లైబ్రరీ లీడరుగా పుటలు లెక్కపెట్టిన కమలకుమారి, జమున పేరు చెప్పింది. సిస్టర్లు అసెంబ్లీలో అందరి ముందూ జమున చేత క్షమాపణ చెప్పించారు. మరుసటి ఏడు జమున బడికి రాలేదు.

ఇప్పుడు చివరి అట్ట చేతికి మందంగా తగిలింది. అంటుకుపోయిన రెండు కాగితాల మధ్య కమలకుమారి మెల్లగా గోరు దూర్చింది. గూనివాడు బయటపడ్డాడు. బైండరు ఆ బొమ్మను వెనక్కి చేర్చి, జిగురు పూసేశాడు.

మొజంజాహీ మార్కెట్లో జమున పండ్ల దుకాణం ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్లుగా దాని ఎదుటి దుకాణంలోనే బత్తాయిలు కొంటోంది.

"ఏంది లీడరమ్మా, ఇయ్యాల తొవ్వ తప్పినవా?" అంది జమున.

కమలకుమారి పుస్తకం తెరిచి చూపింది. జమున కొంగుకు చేతులు తుడుచుకుని బొమ్మ మీదికి వంగింది.

"ముసలోడు గిండ్లనే ఉన్నడా. పాపం, ఇంకా వంగే ఉన్నడు."

"తప్పు నాది జమునా. చూడకుండా నీ పేరు చెప్పాను. ఇక్కడ అందరి ముందూ ఒప్పుకుంటాను."

"గీళ్లకెందుకే? గీళ్లకు సీతాఫలాలు కావాలె. ఒప్పుకునేదేదో పుస్తకంల ఉండాలె."

"అయితే నువ్వే రాయి. కింద నేను సంతకం పెడతాను."

జమున పెన్ను తీసి చుట్టూ చూసింది. పండ్లు లేని జాగా జానెడైనా లేదు. టీచరుగా నలభై ఏళ్లు పిల్లలను నిటారుగా నిలబడమని గద్దించిన కమలకుమారి, చేతిసంచీ కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగింది.

జమున ఆ వీపు మీద పుస్తకం పరిచింది.

"కదలకు లీడరమ్మా. ఇన్నేండ్లకు రాస్తున్న, అక్షరం వంకర పోవద్దు."