చేప మీద నీళ్ళు

లిందాల్వా తోసే బండికి ఒక చక్రం కీచుమనేది. ఆ చప్పుడు వినగానే పిల్లల గదిలో దుప్పట్లు ముసుగులయ్యేవి. బండి వచ్చిందంటే కట్టు విప్పుతారు. నిన్నటి మలామును గీకి కడుగుతారు, కొత్తది రాసి మళ్ళీ కడతారు. ఫోర్తలేజా నగరంలోని ఆ కాలిన గాయాల వార్డులో ఇరవై రెండేళ్ళుగా ఆ పని లిందాల్వాదే. చక్రానికి ఎన్నిసార్లు నూనె వేసినా కీచు పోలేదు.

ఆ జూన్‌లో మాత్రం ఆమె అదే బండిని దాదాపు పరుగెత్తించింది.

కారణం చేప తోలు. చెరువుల్లో పెంచే తిలాపియా తోలును ప్రయోగశాలలో శుభ్రం చేసి, క్రిములు లేకుండా చేసి, ప్యాకెట్లలో పెట్టి పంపుతున్నారు. గాయం మీద పరిస్తే అతుక్కుపోతుంది. కొత్త చర్మం వచ్చేదాకా, పది రోజులపాటు, విప్పే పని లేదు. మొదటిసారి విన్నప్పుడు లిందాల్వా "పది రోజులా?" అని మూడుసార్లు అడిగింది.

ఈ పరీక్ష నడిపేది కుర్ర డాక్టరు ఒతావియో. ఆసుపత్రి కమిటీ అతనికి ఒకటే షరతు పెట్టింది. ముందు ముగ్గురు పెద్దవాళ్ళకు వేయాలి, ముగ్గురికీ నిలవాలి. అప్పుడే పిల్లలకు. ఒక్కరికి జారిపోయినా అక్కడితో ఆపాలి. కమిటీ మళ్ళీ కూర్చునేది సెప్టెంబరులో.

పిల్లల గదిలో ఏడో మంచం మీద కైలానే అనే చిన్నపిల్ల ఉంది. జూన్ పండుగకు వీధిలో వేసే మంట దగ్గర కాలు కాల్చుకుంది. సెప్టెంబరు దాకా ఆగే గాయం కాదు అది. నాలుగో మంచం మీద మూడేళ్ళ కిందట ఒక బాబు ఉండేవాడు. వాడు దక్కలేదు. ఆ సంగతి లిందాల్వా ఎవరి దగ్గరా ఎత్తేది కాదు.

ఇద్దరు పెద్దవాళ్ళకు తోలు నిలిచింది. మూడో మనిషి జుల్మీరా, మర్యాదగా పిలిస్తే దోనా జుల్మీరా. సముద్రపు ఒడ్డున చేపలు వేయించి అమ్మే మనిషి. మూకుడు ఒరిగి ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది.

"నలభై ఏళ్ళు వీటి తోలు వలిచి పిల్లులకు విసిరాను నాయనా," అంది ప్యాకెట్టు చూసి. "ఇప్పుడొచ్చి నా చేతికే అతుక్కుంటుందా? పగ పట్టినట్టుంది."

"పగ కాదమ్మా, పెళ్ళనుకోండి," అన్నాడు ఒతావియో. "పది రోజులు వదిలిపెట్టదు."

"మా ఆయన వారానికే చూపులు పక్కకు తిప్పాడు. ఇదే నయం."

లిందాల్వా తోలును సెలైన్‌లో కడిగి మణికట్టు మీద పరవబోయింది. జుల్మీరా మంచి చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

"అటు కాదు తల్లీ, చేప తల వైపు మోచేతికి తిప్పు. పొలుసు పోయినా దాని వాలు పోదు. ఎదురుగా పెడితే పైన గుడ్డ పట్టుకుని లాగుతుంది."

లిందాల్వా వేలితో తడిమి చూసింది. నిజమే, ఒక వైపు నున్నగా జారుతోంది, ఇంకో వైపు గరుకుగా ఆపుతోంది. తిప్పి పరిచింది. ఒతావియో ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాడు. జుల్మీరా అతను రాయడం అయ్యేదాకా తలెత్తుకుని చూసింది.

మూడో రోజు పొద్దున పైకట్టు చెమ్మగా తగిలింది. విప్పితే మణికట్టు మీది తోలు పళ్ళెంలో చేపలా జారింది.

ఒతావియో కలం మూత తీశాడు. "అయిపోయింది దోనా లిందాల్వా. అతుక్కోలేదు. రాసేస్తాను."

"కొంచెం ఆగండి."

ఆమె తడిసిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ ముక్కుకు చీము వాసన ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. ఇందులో ఏ వాసనా లేదు.

"ఇది గాయం ఊట కాదు డాక్టరుగారూ. ఉత్త నీళ్ళు."

ఇద్దరూ ఒకేసారి మంచం పక్క గ్లాసు వైపు చూశారు. జుల్మీరా కిటికీ వైపు చూసింది.

"దోనా జుల్మీరా, చేతి మీద నీళ్ళు పోశారా?"

"పోయలేదు."

"మరి?"

"చిలకరించాను."

"అయ్యో, ఎందుకమ్మా?"

"ఎందుకేమిటి? చేప కళ్ళముందు ఎండిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా? నా బల్ల మీద ఒక్క చేపనూ ఎండనివ్వలేదు ఇన్నాళ్ళూ. గంటకోసారి చిలకరించాను. నిద్ర లేచి మరీ తడిపాను. మా అమ్మాయిని కూడా ఇంత శ్రద్ధగా పెంచలేదు."

ఒతావియో కుర్చీలో కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టాడు. లిందాల్వా మాత్రం అప్పటికే మోచేతి దగ్గర కట్టు విప్పుతోంది. అక్కడ గుడ్డ మందంగా చుట్టింది, నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఉండవు. చివరి పొర పొడిగా ఊడివచ్చింది. కింద తోలు చదునుగా ఉంది. ఆమె చిమటాతో అంచు పట్టి మెల్లగా లాగింది. తోలు రాలేదు, చెయ్యే పైకి లేచింది.

"చూడండి! చూడండి డాక్టరుగారూ, ఊడటం లేదు! తడవని చోట పట్టేసింది!"

ఆమె గొంతు అంత పైకి లేవడం వార్డులో అంతకుముందు ఎవరూ వినలేదు. పక్క గదిలోంచి ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు.

ఒతావియో ఫోటో తీసి, కమిటీ పెద్దావిడకు పంపి, ఫోను చేశాడు. ఆమె గొంతు అందరికీ వినిపించింది.

"నీళ్ళు ఎవరు పోశారు?"

"రోగే మేడమ్."

"ఎందుకు?"

"చేప ఎండిపోతుందని."

అటునుంచి ఒక్క పెట్టున నవ్వు. "జరిగింది జరిగినట్టు రాయి. ఒక్క అక్షరం దాచకు. తడిసింది తీసేసి కొత్త తోలు వేయి, రోజులు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టు. ముందు ఆ గ్లాసు అక్కడినుంచి తీసెయ్."

ఆ పూట నుంచి జుల్మీరా నీళ్ళు తాగాలన్నా లిందాల్వా పక్కన నిలబడాల్సిందే.

"ఎండిపోతోంది తల్లీ," అంది జుల్మీరా అయిదో రోజున.

"ఎండనివ్వండి."

"అంచులు ముడుచుకుంటున్నాయి. ఇలాంటి సరుకు బల్ల మీద పెడితే ఊరు నన్ను తిట్టిపోస్తుంది."

"నొప్పి ఉందా?"

జుల్మీరా ఒక్క క్షణం ఆలోచించింది. "లేదే," అంది ఆశ్చర్యంగా. "నిన్న మాత్ర వేసుకోవడం కూడా మరిచిపోయాను."

ఆ సాయంత్రం ఇంటికి పోతూ లిందాల్వా బస్సు దిగాల్సిన చోటు దాటిపోయింది. వేళ్ళ మీద అయిదు తర్వాత ఎంత మిగిలిందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

పదో రోజున తోలు పాత చెప్పు అడుగులా గోధుమరంగుకు తిరిగి, గట్టిపడింది. లిందాల్వా అంచుల కింద వాజలీన్ పూసి, మెత్తబడేదాకా ఆగి, మెల్లగా ఎత్తింది. అది చిరగకుండా లేచి వచ్చింది. కింద లేత గులాబీ రంగు చర్మం. ఎక్కడా రక్తం చుక్క లేదు. ఒతావియో వంగి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. జుల్మీరా వేళ్ళు ముడిచింది, చాచింది, మళ్ళీ ముడిచింది.

"ఆ తోలు ఇలా ఇవ్వు."

ఇచ్చారు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసింది, వాసన చూసింది.

"మంచి చేప," అని తీర్పు చెప్పింది.

పిల్లలకు వేయవచ్చని మధ్యాహ్నానికి కబురొచ్చింది. లిందాల్వా ఒక ప్యాకెట్టు చేత పట్టుకుంది. అవసరమైనవన్నీ ఒక చిన్న పళ్ళెంలో సర్దుకుంది. బండిని నడవాలోనే గోడకు ఆనించి వదిలేసి, పిల్లల గదిలోకి నడిచింది.

ఏడో మంచం మీద కైలానే ముసుగు తన్నలేదు. వినవలసిన చప్పుడు వినిపించలేదు కదా. మనిషిని చూశాక ఉలిక్కిపడి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"బండి ఏది?"

"రాలేదు."

"రేపు వస్తుందా?"

"రేపు రాదు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి కూడా రాదు. ఇవాళ ఒక్కసారి కడగాలి, నిద్రమందు ఇచ్చి కడుగుతాం. తర్వాత పది రోజులు నీ జోలికి రాను."

కైలానే చేతులు దుప్పటిలోంచి బయటికి తీసి, పది వేళ్ళూ చాచి, వాటిని అనుమానంగా చూసుకుంది. అంతలో గుమ్మం దగ్గర, ఇంటికి వెళ్ళడానికి సంచి భుజాన వేసుకున్న జుల్మీరా తల లోపలికి పెట్టింది.

"ఏయ్ పిల్లా! దాని మీద మాత్రం నీళ్ళు చల్లకు!"